స్విచ్ మీద నుంచి చెయ్యి తియ్యండి

కంప్యూటర్లో ముఖ్యమైన ఫైలు పొరపాటున డిలీట్ అయిందంటే మన ఊళ్లలో మొదట జరిగే పని ఒకటే. తెరిచి ఉన్నవన్నీ గబగబా మూసేస్తారు. కంప్యూటర్ ఆపేస్తారు. వైర్లు పీకి, సీపీయూ డబ్బాను స్కూటర్ మీద ముందు పెట్టుకుని సర్వీసు షాపుకు మోసుకుపోతారు. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్ షాపయినా, పెనుకొండలో డీటీపీ సెంటరయినా, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు దగ్గర లెక్కలు రాసే గదయినా ఇదే వరస. షాపులో కుర్రాడు కాసేపు చూసి, పెదవి విరిచి, "డేటా పోయిందన్నా" అంటాడు. అతను చెప్పింది నిజమే. కానీ కొన్నిసార్లు అది డిలీట్ కొట్టినప్పుడు పోలేదు. స్విచ్ ఆపినప్పుడు పోయింది.

ఆ రెండు క్షణాల మధ్య వ్యవధి ఉంటుంది. ఒక్కోసారి నిమిషాలు, ఒక్కోసారి రోజులు. ఆలోపల ఏం చెయ్యాలో తెలిసినవాళ్లకు ఫైలు చెక్కుచెదరకుండా తిరిగి దక్కుతుంది. డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. నాలుగు కమాండ్లు, కాస్త నిబ్బరం చాలు. కమాండ్లు నేర్పడం సులువే. చిక్కంతా నిబ్బరం దగ్గరే. అందుకే దీన్ని కంప్యూటర్ పాఠంగా కాకుండా ఈ పుస్తకంలో పెడుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇక్కడ చెప్పే పద్ధతి లినక్స్‌ది. మన దుకాణాల్లో ఎక్కువగా ఉండేది విండోస్ కాబట్టి "మాకెందుకు ఇది?" అని పేజీ తిప్పేయకండి. మీ చీరల వెబ్‌సైట్ నడిచే సర్వరు దాదాపు ఖాయంగా లినక్సే. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లోనూ చాలాచోట్ల అదే ఉంటుంది. విండోస్ మొరాయించిన పాత ల్యాప్‌టాప్‌లలో పిల్లలు వేసుకునే ఉబుంటు కూడా లినక్సే. స్వేచ్ఛ లాంటి సంస్థలు దాన్ని తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి పని చేశాయి. విండోస్ సంగతి కూడా తర్వాత చెప్తాను.

పేరు వేరు, సరుకు వేరు

లినక్స్‌లో ఫైలు పేరు ఒక చోట ఉంటుంది, అందులోని సరుకు మరో చోట ఉంటుంది. ఫోల్డర్ అంటే నిజానికి ఒక పట్టిక. ఒక్కో వరసలో ఒక పేరు, దాని పక్కన ఒక నంబరు. దాన్ని ఐనోడ్ నంబర్ అంటారు. ఫైలు ఎంత పెద్దది, ఎవరిది, డిస్కులో ఎక్కడెక్కడ ఉంది అన్న వివరమంతా ఐనోడ్‌లో ఉంటుంది. పేరు మాత్రం అందులో ఉండదు. మీరు డిలీట్ కొడితే లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ ఆ పట్టికలో వరసను కొట్టేస్తుంది. తర్వాత రెండు లెక్కలు చూస్తుంది. ఈ ఐనోడ్‌కు ఇంకెక్కడైనా పేరు మిగిలిందా? దీన్ని ఏ ప్రోగ్రామైనా తెరిచి పట్టుకుని ఉందా? రెండూ సున్నా అయితేనే డిస్కులో ఆ జాగా ఖాళీ అయినట్టు. ఒక్క ప్రోగ్రాం పట్టుకుని ఉన్నా సరే, సరుకు అక్కడే ఉంటుంది.

అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన చేను మాయమైపోదని మన రైతులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పంట నిలబడి ఉన్నంతకాలం ఇంకొకరు వచ్చి ఆ చేలో మడక కట్టరు. కోత అయిపోయి కౌలుదారు గట్టు దిగాడా, ఆ నేల ఎవరి చేతికైనా పోవచ్చు. ప్రోగ్రాం మూసేయడమంటే ఆ గట్టు దిగడమే.

ఇది పొరపాటున మిగిలిపోయిన లొసుగు కాదు. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన యూనిక్స్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ రాసినప్పుడు దీన్నే తీసుకున్నాడు. చాలా ప్రోగ్రాములు దీని మీదే ఆధారపడి నడుస్తాయి. తాత్కాలికంగా ఒక ఫైలు తెరిచి, వెంటనే తామే దాని పేరు తీసేసి, పేరు లేని ఆ ఫైల్లోనే పని చేసుకుంటాయి. మధ్యలో ప్రోగ్రాం కూలినా డిస్కులో చెత్త మిగలదు. ఆ ఏర్పాటే మనకు ఆపద్ధర్మంగా పనికొస్తుంది.

ఇంకో ఏర్పాటు 1984 నాటిది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ ఒక ఫోల్డరులా చూపించవచ్చని టామ్ కిలియన్ బెల్ ల్యాబ్స్‌లో చేసి చూపించాడు. లినక్స్‌లో ఆ చోటు పేరు ప్రాక్. ప్రతి ప్రోగ్రాముకూ అందులో దాని నంబరుతో ఒక ఫోల్డరు, ఆ ఫోల్డరులో ఎఫ్‌డీ అనే ఇంకో ఫోల్డరు ఉంటాయి. ఆ ప్రోగ్రాం ఏయే ఫైళ్లను పట్టుకుని ఉందో ఎఫ్‌డీలో వరసగా కనిపిస్తుంది, పేరు కొట్టేసిన ఫైళ్లతో సహా. ఆ వివరాలన్నీ ఒకే జాబితాగా తీసిచ్చే పనిముట్టు ఎల్‌ఎస్‌ఓఎఫ్. దాన్ని రాసింది పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన విక్ ఎబెల్. ఈ అధ్యాయానికి కావలసిన సిద్ధాంతం ఇంతే.

ముహూర్తం నడుస్తుండగా

ధర్మవరంలో ఒక కల్యాణ మండపం అనుకోండి. వీడియో కుర్రాడు ఉబుంటు ల్యాప్‌టాప్ మీద ఓబీఎస్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం పెట్టి పెళ్లిని లైవ్ ఇస్తూ, అదే సమయంలో రికార్డు కూడా చేస్తున్నాడు. డిస్కు నిండుతోందని హెచ్చరిక వచ్చింది. పాత ఫైళ్లు తీసేస్తూ తీసేస్తూ, షిఫ్ట్ పట్టుకుని, చెత్తబుట్టలోకి కూడా పోకుండా, ఈ రోజు ఫైలు కూడా కొట్టేశాడు. బెంగళూరులో పనిచేసే హిందూపురం అన్నకు ఫోన్ చేశాడు.

"అన్నా, పొద్దున్నుంచి తీసిందంతా పాయనా. పాతవి కొడ్తా కొడ్తా ఇయ్యాళ్టిది గూడా కొట్టేస్తి."

"రికార్డింగ్ ఆగిందా, నడుస్తాందా?"

"నడుస్తానే ఉందన్నా. ఆపేసి మళ్లీ పెట్టమంటావా?"

"ఆపొద్దప్పా! ఏమీ ముట్టుకోవద్దు. చార్జర్ పెట్టిండావా లేదా, అది చూడు ముందు."

ఆ అన్న అడిగిన రెండు ప్రశ్నలూ, అడిగిన వరసా గమనించండి. ప్రోగ్రాం నడుస్తోందా? కరెంటు నిలుస్తుందా? మిగతావన్నీ తర్వాతే. ఎండాకాలంలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. బ్యాటరీ ఎక్కువసేపు నిలవని పాత ల్యాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ లైను మీదికి మార్చాలి. మార్చడం కోసం ప్లగ్ పీకితే ఆరిపోయే మెషిన్ అయితే అసలు కదపకూడదు.

తర్వాత ఫోన్‌లో చెప్పినట్టే చెప్తున్నాను. కమాండ్లు కొట్టే కిటికీని టెర్మినల్ అంటారు. కొత్త టెర్మినల్ తెరవండి. అంతకుముందు తెరిచి ఉన్న టెర్మినళ్లు మూయకండి. మూస్తే వాటిలో మొదలుపెట్టిన ప్రోగ్రాములూ వాటితో పాటే పోవచ్చు. కొత్త దాంట్లో ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఎస్ యూ డీ ఓ, ఖాళీ, ఎల్ ఎస్ ఓ ఎఫ్, ఖాళీ, కూడిక గుర్తు, పెద్ద ఎల్, ఒకటి. ఎంటర్. పేరు పోయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా వస్తుంది. పది పదిహేను వరసలు వచ్చినా కంగారు పడొద్దు. బ్రౌజర్లవీ ఇంకోటివీ తాత్కాలిక ఫైళ్లు అందులో మామూలుగానే ఉంటాయి. మీ ఫైలు పేరున్న వరస వెతకండి. పేరు చివర బ్రాకెట్లో డిలీటెడ్ అని ఉంటుంది.

ఆ వరసను ఎడమ నుంచి చదవాలి. మొదట ప్రోగ్రాం పేరు. పొడవైన పేరైతే తొమ్మిది అక్షరాల దగ్గర తెగిపోయి ఉంటుంది. ఓబీఎస్ రికార్డింగును ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పేరున్న తోడు ప్రోగ్రాం రాస్తుంది కాబట్టి ఇక్కడ "ఓబీఎస్" తర్వాత చిన్న గీత, సగం తెగిన పేరు కనిపిస్తాయి. దాని పక్కన ప్రోగ్రాం నంబరు, 4127 అనుకుందాం. తర్వాత వాడుకదారు పేరు. ఆ తర్వాత ఎఫ్‌డీ గడిలో 5, దానికి అంటుకుని డబ్ల్యూ అక్షరం. ప్రోగ్రాం ఆ ఫైల్లో రాస్తోందని ఆ అక్షరానికి అర్థం. మనకు అంకె ఒక్కటే కావాలి. ఇంకాస్త కుడికి పోతే సైజు కనిపిస్తుంది. అక్కడ పెద్ద అంకె ఉంటే గుండె కుదుటపడుతుంది. ప్రోగ్రాం నంబరు, ఎఫ్‌డీ అంకె, ఈ రెండిటినీ కాగితం మీద రాసుకోండి. చెమట పట్టిన చేతులతో గుర్తుపెట్టుకుని కొట్టే నంబర్లను నమ్మలేం.

ఇప్పుడు మీ ఫైలు ఉన్న చోటు స్లాష్ ప్రాక్ స్లాష్ 4127 స్లాష్ ఎఫ్‌డీ స్లాష్ 5. ప్రాక్, ఎఫ్‌డీ రెండూ ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే. రాయడం పూర్తయిపోయిన ఫైలయితే సీపీ కమాండుతో అక్కడి నుంచి ఇంకో చోటికి కాపీ చేస్తే పని అయిపోయినట్టే. ప్రోగ్రాం ఇంకా రాస్తూ ఉండి, కాసేపు నిలిపినా ఫరవాలేదనుకుంటే, కిల్ కమాండుకు మైనస్ స్టాప్ చేర్చి దాన్ని ఆ క్షణంలో స్తంభింపజేయవచ్చు. కాపీ అయ్యాక మైనస్ కంట్‌తో మళ్లీ నడపవచ్చు. కిల్ అన్న పేరు చూసి బెదరొద్దు. స్టాప్ అంటే నిలబెట్టడమే, ప్రోగ్రాం చావదు.

పెళ్లి మధ్యలో అలా కుదరదు. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కాపీ చేస్తే ఇప్పటిదాకా తీసినది మాత్రమే వస్తుంది. ముగిశాక చేద్దామంటే రికార్డింగ్ ఆపిన క్షణంలోనే ఫైలు పోతుంది. ఎంపీ4 ఫార్మాట్ అయితే ఇంకో తంటా ఉంది. మామూలు ఎంపీ4లో సూచిక రికార్డింగ్ ఆపినప్పుడే రాయబడుతుంది. నడుమ తీసిన కాపీ ఎంత పెద్దదైనా ప్లేయర్లో తెరుచుకోదు. ఎంకేవీకి ఆ బాధ లేదు, అందుకే పెళ్లిళ్లు తీసేవాళ్లు ఎంకేవీలో తీయడం మేలు.

దీనికి దారి ఉంది, ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఫైలును ఒక ప్రోగ్రామే పట్టుకోవాలన్న నియమం లేదు. రెండో చెయ్యి కూడా వేయించవచ్చు. టెర్మినల్లో ఈ ఎక్స్ ఈ సీ అని కొట్టి, ఖాళీ వదిలి, 3 అంకె, దానికి ఆనుకునే ఎడమ వైపు చూసే బాణం గుర్తు, ఖాళీ, ఆ పైన రాసుకున్న చోటు. 3కూ బాణానికీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఎంటర్ కొట్టాక తెరమీద ఏమీ రాదు. రాకపోతేనే పని అయినట్టు. ఇక ఆ ఫైలును మీ టెర్మినల్ కూడా పట్టుకుంది. ఓబీఎస్ వదిలేసినా అది ఉంటుంది. తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ అయ్యాక, ఎప్పటిలాగే స్టాప్ నొక్కి రికార్డింగ్ పద్ధతిగా ముగించండి. సూచిక కూడా రాయబడుతుంది. అప్పుడు అదే టెర్మినల్లో సీపీ, ఖాళీ, స్లాష్ ప్రాక్ స్లాష్, రెండు డాలర్ గుర్తులు, స్లాష్ ఎఫ్‌డీ స్లాష్ 3, ఖాళీ, ఎక్కడికి కాపీ కావాలో ఆ చోటు. రెండు డాలర్లు అంటే "ఈ టెర్మినల్ నంబరు" అని అర్థం.

ఒక్క ప్రమాదం ఉంది. ఆ బాణం కుడి వైపు తిరిగితే అర్థం తలకిందులవుతుంది. రాయడానికి తెరవమని, అదీ ముందున్నదంతా తుడిచి తెరవమని చెప్పినట్టవుతుంది. పొద్దుటి నుంచి కాపాడుకుంటూ వచ్చిన ఫైలు ఒక్క ఎంటర్‌తో సున్నా అవుతుంది. అప్పుడు ఇక ఏ ఉపాయమూ లేదు. ఎంటర్ కొట్టే ముందు బాణం మొన ఎటు ఉందో పక్కవాళ్లకు చూపించి, గట్టిగా చదివించండి. ఫోన్ చేతిలో ఉంటే ఫొటో తీసి అన్నకు పంపి, అతను సరే అన్నాక కొట్టండి. తొందరేమీ లేదు, ప్రోగ్రాం నడుస్తున్నంతసేపు టైం మీ వైపే ఉంది.

కాపీ ఎక్కడికి? డిస్కు నిండిందనే కదా ఇదంతా మొదలైంది. పేరు పోయినా ఆ ఫైలు జాగా ఖాళీ కాలేదు కాబట్టి కాపీకి మళ్లీ అంత జాగా కావాలి. బయటి హార్డ్ డిస్క్ పెట్టండి. మామూలు పెన్‌డ్రైవ్ చాలావరకు ఫ్యాట్32లో ఉంటుంది, దాంట్లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. కాపీ సగంలో ఆగిపోయి ఇంకో గుండెపోటు తెప్పిస్తుంది. కాపీ అయ్యాక ఫైలును నడిపి చూడండి. మొదలు చూస్తే సరిపోదు, మధ్యలో, చివర్లో కూడా చూడండి. అంతవరకు ఆ టెర్మినల్ తెరిచే ఉంచండి. పాత ఐనోడ్‌కే మళ్లీ పేరు తగిలించవచ్చు కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. పేర్ల లెక్క ఒకసారి సున్నాకు దిగిన మామూలు ఫైలుకు కెర్నల్ దాన్ని ఒప్పుకోదు. నకలే గతి.

ఎవరు ముందు చెప్తారు

ఫైళ్లను చంపేది అజ్ఞానం కంటే ఎక్కువగా భయం అని నా నమ్మకం. తప్పు కొట్టిన కుర్రాడికి వెంటనే తోచేది ఫైలు గురించి కాదు, యజమాని మొహం గురించి. తెరమీద ఉన్నదంతా మూసేస్తాడు. "సిస్టం హ్యాంగ్ అయింది సార్" అని రీస్టార్ట్ కొడతాడు. ఒకవేళ ఫైలును ఏ ప్రోగ్రామైనా పట్టుకుని ఉంటే, ఆ దాచుకునే నిమిషంలోనే అది చేజారిపోతుంది. సాయంత్రం వరకు నోరు విప్పకపోతే ఇక నిపుణుడు వచ్చినా చేసేదేమీ ఉండదు.

కాబట్టి పనివాళ్లను పెట్టుకున్నవాళ్లకు నా విన్నపం. మీ దగ్గర ఎవరైనా వచ్చి "నేను ఫైలు డిలీట్ చేశాను" అంటే, ఆ మాట మీకు లాభం తెచ్చే మాట. ఆ క్షణంలో తిట్టారంటే రెండోసారి ఆ మాట మీ చెవిన పడదు. తిట్టాలనిపిస్తే ఫైలు దొరికాక తిట్టండి. ముందు అడగాల్సింది "ఎవరు చేశారు?" అని కాదు, "ఏం నడుస్తోంది ఇప్పుడు?" అని. ఇంకొకరు తెలియక మెషిన్ ఆపేయకుండా ఒక కాగితం మీద "ఆపవద్దు" అని రాసి మానిటర్‌కు అంటించండి. సాయంత్రం గది ఊడ్చడానికి వచ్చే అమ్మకు కూడా చెప్పండి. స్విచ్ బోర్డు ఆమె చేతికే దగ్గర.

పని చేసేవాళ్లకు ఇంకో మాట. వెంటనే చెప్పడం నిజాయితీ గల పనే, దానికి తోడు అది పనితనం కూడా. ఏ టైముకు, ఏ ఫోల్డర్లో, ఏం కొట్టారో చెప్పగలిగితే, రక్షించడానికి వచ్చినవాడికి సగం పని తగ్గుతుంది. సర్వీసు మనిషిని మెషిన్ దగ్గరికి రప్పించండి. మెషిన్‌ను అతని దగ్గరికి మోయకండి. హిందూపురం నుంచి ధర్మవరానికి రైలు ఉంది, దోవలోనే పెనుకొండ. మనిషి రావడానికి కొన్ని గంటలు పట్టినా ఫైలు ఆగుతుంది. స్కూటర్ ఎక్కితే ఆగదు.

పట్టు లేని చోట

అన్ని ప్రోగ్రాములూ ఫైలును పట్టుకుని కూర్చోవు. ఉత్తరాలు, లెక్కలు రాసే ఎడిటర్లు చాలావరకు ఫైలును ఒక్కసారి మెమరీలోకి చదువుకుని వదిలేస్తాయి. ఎల్‌ఎస్‌ఓఎఫ్ జాబితాలో అది కనిపించదు. అయినా తెరమీద మీ రాత కనిపిస్తోందంటే అది మెమరీలో ఉన్నట్టే. సేవ్ యాజ్ కొట్టి వేరే పేరుతో దాచండి. విండోస్‌లోనూ ఇదే మందు. బొమ్మ ఫొటోషాప్‌లో తెరిచి ఉంటే, కింద ఫైలు పోయినా, పైన బొమ్మ ఉంది, దాన్ని సేవ్ చేయండి. విండోస్‌లో మామూలుగా తెరిచి ఉన్న ఫైలును డిలీట్ చేయబోతే వేరే ప్రోగ్రాం వాడుతోందని అడ్డుపడుతుంది కాబట్టి ఇక్కడ చెప్పిన తంటా తక్కువ. రీసైకిల్ బిన్ చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి కొట్టింది మాత్రం బిన్‌లోకి పోదని గుర్తుంచుకోండి.

ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, తెరమీద లేదు, బిన్‌లో లేదు. ఇప్పుడు మాత్రం నియమం తిరగబడుతుంది. ఇందాక నడపమన్న మెషిన్‌ను ఇక వాడకూడదు. ఖాళీ అయిన జాగాలో కొత్త రాత పడేలోపే వెతకాలి. కెమెరా కార్డు అయితే వెంటనే బయటికి తీసి, ఒక్క ఫొటో కూడా కొత్తగా తీయకుండా, క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో చూడండి. పేర్లు రావు కానీ ఫొటోలు చాలావరకు వస్తాయి. ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. ఖాళీ అయిన జాగాను ట్రిమ్ అనే ఏర్పాటు తుడిపించేస్తుంది. అందుకే మొదటి వ్యవధి అంత విలువైనది.

వెబ్‌సైట్ సర్వర్లో డేటాబేస్ ఫైళ్లు ఎగిరిపోయాయనుకోండి. ఆ డేటాబేస్‌ను నడిపే మైఎస్‌క్యూఎల్ ఇంకా ఆర్డర్లకు జవాబు చెప్తుంటే, దాన్ని రీస్టార్ట్ చేయకుండా ముందు డంప్, అంటే డేటా మొత్తానికి నకలు, తీసుకోండి. డంప్ రాకపోతే రాతలు నిలిపి, ఎఫ్‌డీ దారిలో పోండి. దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా సర్వర్లలో మామూలే. పెద్ద లాగ్ ఫైలు తీసేసినా డిస్కు ఖాళీ కాదు, ఎందుకంటే ప్రోగ్రాం దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. అక్కడ ఆ ప్రోగ్రామును రీలోడ్ చేస్తే జాగా వస్తుంది.

ధర్మవరం డిజైనర్లకు వేరే దారి ఉంది, అది ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ దొరకదు. జకార్డ్ 1804లో తెచ్చిన అట్టల పద్ధతిలో డిజైన్ ఒకచోట ఉండేది కాదు. గళ్ల కాగితం మీద గీత, దాన్ని చూసి రంధ్రాలు కొట్టిన అట్టలు, ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. అట్ట చిరిగితే గళ్ల కాగితం చూసి ఆ ఒక్కటే మళ్లీ కొట్టేవాళ్లు. కాగితం పోయినా అట్టల దండ మగ్గం మీద తిరుగుతూనే ఉండేది. లేపాక్షి లతామండపం స్తంభాల మీది తీగలు మన చీర అంచుల్లోకి దిగి, చేతులు మారుతూ నిలిచింది ఇలాంటి నకళ్ల వల్లే. కంప్యూటర్ వచ్చాక డిజైన్ ఒక్క ఫైలైపోయింది. అయినా ఎలక్ట్రానిక్ జకార్డ్ పెట్టుకున్న చోట ఆ పాత భద్రత కొంత మిగిలే ఉంది. ఆఫీసు కంప్యూటర్లో డిజైన్ పోయిన రోజున అదే డిజైన్‌తో ఎక్కడో ఒక మగ్గం నేస్తూ ఉండవచ్చు. దాని కంట్రోలర్లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఆ ఫైలు ఉంటుంది. ఫోన్ చేసి నేతన్నను అడగండి. కొత్త డిజైన్ ఎక్కించవద్దని, పాతది తీసేయవద్దని చెప్పండి. కంట్రోలర్ నుంచి వచ్చేది మగ్గానికి సరిపోయేలా మార్చిన ఫైలు కాబట్టి రంగుల పొరలు ఉండకపోవచ్చు. ఎక్కడ పోగు లేచిందో, ఎక్కడ పడిందో మాత్రం గడి తప్పకుండా ఉంటుంది, మిగతాది దాని మీద తిరిగి గీసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఆఫీసుకు తెప్పించేటప్పుడు నేతన్ననే దాన్ని తీయమనండి, మగ్గం ఏ పోగు దగ్గర ఆగిందో రాసుకున్నాకే తీయమనండి.